క్యాజువాలిటీ రిజిస్టరులో ఒక వాక్యం

రాత్రి పది దాటింది. మీరు క్యాజువాలిటీ తలుపు తోసుకుని లోపలికి వస్తున్నారు. ఫినాయిలు వాసన గుప్పుమంటోంది. వరసగా నాలుగు స్ట్రెచర్లు. మూడో దాని మీద ఉన్నది మీ తమ్ముడే. ముఖం చూసి పోల్చుకోలేకపోయారు, నీలం గళ్ల చొక్కా చూసి పోల్చుకున్నారు. కుడిచేతికి మోచేతి దగ్గర్నుంచి కిందిదాకా ఎవరిదో తువ్వాలు చుట్టి ఉంది. తెల్ల తువ్వాలే, కానీ ఆ తెలుపు ఇప్పుడు అంచుల్లో మాత్రమే కనిపిస్తోంది.

అతను వడ్రంగి. వయసు 34. పొద్దున ఆ చేత్తోనే ఒకరి ఇంటి సింహద్వారానికి చిత్రిక పట్టాడు. పని ముగించుకుని పదహారో నంబరు జాతీయ రహదారి మీద బైకుపై ఇంటికి వస్తున్నాడు.

బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, పొద్దుటి నుంచీ కూర్చున్నట్టు లేడు. "ఎలా జరిగింది?" అని అడిగాడు. మీరు నోరు తెరిచేలోపే పక్కనున్న ఒకాయన అందుకున్నాడు. "బైకు స్కిడ్డయి పడ్డాడండీ." ఆ తువ్వాలు ఆయనదే. 108కి ఫోన్ చేసింది ఆయనే. అంబులెన్సు వెనకాలే తన బండి మీద ఇంతదూరం వచ్చాడు. కాని ఆయన చూసింది రోడ్డు పక్కన పడి ఉన్న మనిషిని, ఆ పక్కనే పడి ఉన్న బైకుని. అంతకు రెండు నిమిషాల ముందు అక్కడ ఏం జరిగిందో ఆయనకు తెలియదు. తెలియనిదాన్ని, మంచి మనసుతో, ఊహించి చెప్పాడు.

డాక్టరు రాసుకున్నాడు. ఇంగ్లీషులో, ఒక్కటే వాక్యం. బైకు జారి పడిపోవడం వల్ల గాయాలు.

మీరు ఆ వాక్యం చూడలేదు. చూసినా మీ మనసుకు ఎక్కదు. రెండు సీసాల రక్తం కావాలంటున్నారు, ఎక్స్‌రే గది తాళం ఎవరి దగ్గరుందో తెలియదంటున్నారు, మరదలు ఆటోలో వస్తోంది, ఆమెకు ఏమని చెప్పాలి? ఇలాంటి రాత్రి ఎవరైనా రిజిస్టరు చదువుతారా? కాని ఈ కథంతా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది. అందుకే మిమ్మల్ని ఆ బల్ల దగ్గర ఇంకో క్షణం నిలబెడుతున్నాను. సిరా ఇంకా ఆరలేదు.

తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర మీ పక్కన ఒకతను వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చంకలో ఫైలు. "అన్నా, ఆ యాక్సిడెంటు పేషెంటు మీవాళ్లేనా?" మీ టీకి కూడా తనే డబ్బులిచ్చాడు. వార్డు నంబరు అతనికి తెలుసు. ఎముకలు నలిగిన సంగతి తెలుసు. ఎవరు చెప్పారని అడగడానికి మీకు ఓపిక లేదు. "మీరేం తిరగక్కర్లేదు. పైసా పెట్టక్కర్లేదు. అంతా మా లాయరుగారు చూసుకుంటారు. వచ్చినదాంట్లో ముప్పై శాతం మాది. ఇక్కడొకటి, ఇక్కడొకటి, తమ్ముడిగారి వేలిముద్ర ఇక్కడ." కాగితాలు చూపించాడు. అది వకాలత్. పేరు రాయాల్సిన చోట ఖాళీ, కోర్టు పేరు రాయాల్సిన చోట ఖాళీ.

పెన్ను మీ చేతిలో ఉంది. ఇక్కడ నేను మీ చెయ్యి పట్టుకుని ఆపుతాను.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం న్యాయవాది కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు. వచ్చే సొమ్ములో వాటా అడగకూడదు. మనుషుల్ని పెట్టి కేసులు తెప్పించుకోకూడదు. ఈ తెల్ల చొక్కా ఆ మూడూ చేస్తోంది. ఖాళీ వకాలత్ మీద వేలిముద్ర పడితే, రేపు ఏ లాయరు ఏ కోర్టులో ఏం దాఖలు చేశాడో, ఎంతకు రాజీ పడ్డాడో మీకు తెలిసేది అన్నీ అయిపోయాకే. లాయరును పెట్టుకోవాలి. ఆ లాయరు ముఖం మీరు చూసి ఉండాలి. ఈ రెండో మాట చెప్పేవాళ్లు లేకే వేలమంది మొదటి మాటను నమ్మడం మానేశారు.

మీరు పెన్ను తిరిగిచ్చేశారు. మేనమామకు ఫోన్ చేశారు. ఆయన పొలం గట్టు తగాదాలో ఏళ్ల కిందట ఒక ప్లీడరమ్మ వాదించింది. తొమ్మిదిన్నరకి ఆవిడే వచ్చింది. నల్ల కోటు మడిచి చేతిమీద వేసుకుంది, పదిన్నరకి కోర్టులో ఉండాలి. మీ తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, మరదలిని కూర్చోమంది. తర్వాత మీవైపు తిరిగి మొదట అడిగింది ఎఫ్ఐఆర్ గురించి కాదు, ఇన్సూరెన్సు గురించీ కాదు.

"ఎమ్మెల్సీలో ఏం రాశారు బాబూ?"

మీకు ఆ మాటే తెలియదు. మెడికో లీగల్ కేసు. ప్రమాదం, దెబ్బలాట, విషం, కాలిన గాయాలు, ఇలాంటివి ఆసుపత్రికి వస్తే రిజిస్టరులో ఎక్కించి పోలీసులకు కబురు చేస్తారు. ఆవిడ వెళ్లి కనుక్కుని వచ్చింది. బయట బెంచీ మీద మీ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "జారి పడ్డాడని ఉంది. ఇది ఇలాగే ఎఫ్ఐఆర్‌లోకి వెళ్లిందంటే గుద్దిన బండి లేనట్టు. తనంతట తను పడిపోయినవాడికి పరిహారం ఎవరిస్తారు?"

మీరు కొంచెం కోపంగానే అన్నారు. "చెరిపేసి సరిగ్గా రాయమంటే పోలా మేడమ్?"

"ఒక్క అక్షరం కూడా చెరపకూడదు. చెరిపితే మనమే దొంగలమవుతాం. అది అలాగే ఉంటుంది. నిజం దాని పక్కన నిలబడాలి."

ఆ నిజం చెప్పగలిగినవాడు ఒక్కడే, మంచం మీద ఉన్నాడు. మధ్యాహ్నం స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబులు వచ్చాడు. మంచివాడే, తొందరలో ఉన్నాడు. ఎమ్మెల్సీ కబురు చూసుకుని, "బైకు అదుపు తప్పి" అని మొదలుపెట్టి సగం కాగితం రాసుకునే వచ్చాడు. "అన్నగారు సంతకం పెడితే చాలు, పేషెంటును ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అన్నాడు. ప్లీడరమ్మ గట్టిగా మాట్లాడలేదు. "ఈయన అక్కడ లేడు కదండీ, చూడనిదానికి ఎలా సంతకం పెడతాడు? మనిషి స్పృహలోనే ఉన్నాడు, డాక్టరుగారు రాసిస్తారు, ఆయన వాంగ్మూలమే రాసుకోండి" అంది. డాక్టరు రాసిచ్చాడు. తమ్ముడు గొంతు తడుపుకుంటూ చెప్పాడు: ఎడమ వరసలో వస్తున్నాను, డివైడరు సందులోంచి ట్రక్కు ఆటో ఒక్కసారిగా తిరిగింది, కుడిపక్క కొట్టింది, ముందు నీలం బంపరు, నంబరులో చివరి రెండంకెలు గుర్తున్నాయి. అతను చెప్పినదానికి ఒక్క మాట కలపనివ్వలేదు ఆవిడ, ఒక్క మాట తగ్గించనివ్వలేదు. మరదలు మధ్యలో "తాగి నడుపుతున్నాడని కూడా రాయించండి బావగారూ" అంటే, "చూశావా అమ్మా? చూడనిది వద్దు" అంది.

సాయంత్రం లోపు ఇంకో నాలుగు పనులు జరిగాయి. ఎవరికీ పెద్దగా కనిపించని పనులు. బైకును షెడ్డుకు తీసుకెళ్తానన్న మెకానిక్‌ను ఆపించింది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఆ సొట్ట అలాగే ఉండాలి, ట్యాంకు కుడిపక్కన అంటుకున్న నీలం రంగు అలాగే ఉండాలి. డివైడరు సందుకు ఎదురుగా పెట్రోలు బంకు ఉంది, దాని కెమెరా రికార్డు కొన్ని రోజులకు దానంతటదే చెరిగిపోతుంది, భద్రపరచమని పోలీసులకూ బంకువాళ్లకూ లెటరు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. ట్రక్కు ఆటో నంబరు దొరగ్గానే ఎం-పరివాహన్‌లో దాని బీమా ఎప్పటిదాకా ఉందో చూసింది. చివరగా మీ చేతికి ఒక పాత స్వీట్ల డబ్బా ఇప్పించింది. "ప్రతి బిల్లూ ఇందులో వెయ్యి. మందులది, ఆటోది, భోజనానిది కూడా. జిరాక్సు కాదు, అసలుది."

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మీరు వెళ్లి అడిగి తెచ్చుకున్నారు. రెండుసార్లు చదివారు. డివైడరు సందు ఉంది. నీలం బంపరు ఉంది.

పదకొండో రోజు ఇంటికి కానిస్టేబులు వచ్చాడు, కాగితం ఇచ్చాడు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు. మీ తమ్ముడికే! ట్రక్కు ఆటో యజమాని ఎదురు కేసు పెట్టాడు. బైకే రాంగ్ రూటులో వచ్చి గుద్దింది, మా డ్రైవరు నుదురు పగిలింది అని. మంచం మీద ఉన్నవాడు ఇప్పుడు ముద్దాయి. అమ్మ పూజగదిలోంచి బయటకు రాలేదు. "అరెస్టు చేస్తారట్రా?" అని మామయ్య ఫోన్లో అరుస్తున్నాడు.

మీరు నోటీసు చేతిలో పట్టుకుని ప్లీడరమ్మ ఆఫీసు మెట్లు ఎక్కుతున్నారు. గుమాస్తా మజ్జిగ ఇచ్చాడు. ఆవిడ నోటీసు చదివి టేబుల్ మీద పెట్టింది. "ఇది అరెస్టు కాదు, విచారణకు రమ్మనడం. నోటీసు ప్రకారం హాజరవుతున్నంత కాలం, ప్రత్యేకంగా కారణం రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. ఏడేళ్ల లోపు శిక్షపడే కేసుల్లో ఆలోచించకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. వీళ్లు పెట్టిన సెక్షన్లు బెయిలబుల్. భయం వద్దు. పారిపోవద్దు. ఫోన్ స్విచ్చాఫ్ చేయొద్దు."

అక్కడే ఆవిడ ఇంకొన్ని సంగతులు చెప్పింది. మీరు అన్నీ గుర్తుపెట్టుకోలేదు గాని, స్టేషన్లో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. విచారణ జరిగేటప్పుడు లాయరును కలిసే హక్కు ఉంది, మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చునే హక్కు కాదు గాని, కలిసే హక్కు. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పాలని ఎవర్నీ బలవంతం చేయకూడదు, అది రాజ్యాంగంలోని 20(3) అధికరణం. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం కింద సంతకం అక్కర్లేదు. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా అది కోర్టులో రుజువుగా చెల్లదు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, దేశంలో ప్రతి ఒక్కరివీ. కాని చెక్క కుర్చీలో, ఫ్యాను కింద, ఎదురుగా ఖాకీ చొక్కా కూర్చుని "ఊఁ, చెప్పు" అన్నప్పుడు ఎంతమందికి ఇవి నోటిదాకా వస్తాయి? మీ తమ్ముడికి రాలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రైటరు ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఇరుపక్షాలూ రాజీ, ఎవరి మీదా ఎవరికీ ఏ క్లెయిమూ లేదు, సంతకం పెట్టేయండి, రెండు కేసులూ పోతాయి." తమ్ముడు మీవైపు చూశాడు. మీరు గుమ్మం బయట నిల్చున్న ఆవిడ వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, అంతే. ఆ తల ఊపడం విలువ ఎంతో లెక్కగట్టే రోజు ముందుంది.

నాలుగో నెలలో క్లెయిం వేశారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానిమీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి. ఉన్నా సరే, ఆ గీత దాటేదాకా ఆగే ప్రశ్నే లేదంది ప్లీడరమ్మ. మన ఊళ్లలో జరిగేది తెలుసు కదా. మూడు నెలలు ఆసుపత్రి, రెండు నెలలు నాటువైద్యం, తర్వాత ఎవరో పెళ్లిలో కలిసి "క్లెయిం వేశారా?" అని అడిగేసరికి ఏడో నెల. క్లెయిం ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉంటున్న జిల్లాలోనూ వేయొచ్చు.

తెల్ల చొక్కా అతను ఈలోపు ఇంకోసారి ఫోన్ చేశాడు. "164 కింద వేస్తే తప్పెవరిదని చూడకుండా రెండున్నర లక్షలు వచ్చేస్తాయన్నా, ఎందుకీ తిరుగుళ్లు?" అబద్ధం కాదు. తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు, ఆ సెక్షన్ కింద ఉన్నమాట నిజం. అతను చెప్పనిది ఒకటుంది. ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన అసలు క్లెయిం అక్కడితో రద్దవుతుంది. సాక్ష్యం ఏమీ లేనివాళ్లకు 164 దేవుడిలాంటిది. అన్నీ ఉన్నవాళ్లకు అది చాలా ఖరీదైన తొందర.

ఇప్పుడు మెజిస్ట్రేటు కోర్టు వరండా. ఎదురు కేసులో సమన్లు వచ్చాయి, రెండు కేసుల్లోనూ చార్జిషీటు వేశారు. వేపచెట్టు కింద స్టాంపు వెండరు, టైపు మిషన్లు, పల్లీలమ్మే ముసలావిడ. బిళ్ల బంట్రోతు పేర్లు పిలుస్తున్నాడు. మీ పక్కన కూర్చున్న ఒకాయన, కోర్టు పక్షి అంటారే అలాంటివాడు, మీ తమ్ముడితో అంటున్నాడు. "ఇంత చిన్న కేసుకు లాయరెందుకు తమ్ముడూ? నేరం ఒప్పేసుకో. ఫైను వేస్తారు, కట్టేసి మధ్యాహ్నానికి ఇంటికెళ్లి అన్నం తిను. లేదంటే మూడేళ్లు వాయిదాలు." వాయిదాల సంగతి అబద్ధం కాదు. తమ్ముడికి ఆశ పుట్టింది, మీకూ పుట్టింది. ఇదే చెప్పారు ప్లీడరమ్మకి.

ఆవిడ మిమ్మల్ని వరండా చివరకు తీసుకెళ్లింది. "ఈరోజు ఒప్పుకుంటే ఈరోజుతో అయిపోతుందనుకుంటున్నారు. ఆ ఒప్పుకోలు నకలు రేపు ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు కంపెనీ లాయరు చేతిలో ఉంటుంది. తప్పు నాదేనని నువ్వే చెప్పావు కదా, మరి పరిహారం ఎందుకంటాడు. ఇంకోటి. రేపు గల్ఫ్‌కో ఎక్కడికో పనికి వెళ్లాలంటే పోలీసు వెరిఫికేషన్లో ఇది పైకి వస్తుంది. చేయని తప్పు ఎందుకు ఒప్పుకోవాలి?"

మీరు లోపల వెనక బెంచీలో కూర్చున్నారు. ముందు వరసలో ఎవరిదో రిమాండ్. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి కుర్రాడికి, దొంగతనం కేసు. చెప్పుల్లేవు. మెజిస్ట్రేటు అడిగారు. "లాయరున్నాడా?" కుర్రాడు నేల చూస్తున్నాడు. "లేకపోతే ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇస్తాం, కావాలా?" ఆ ప్రశ్న మర్యాదకు అడిగింది కాదు. మొదటిసారి హాజరుపరిచినప్పుడే లాయరు గురించి ముద్దాయికి తెలియజెప్పడం మెజిస్ట్రేటు విధి అని 2012లో అజ్మల్ కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముంబయి దాడుల్లో పట్టుబడినవాడి కేసులో వచ్చిన ఆ మాట ఇక్కడ చెప్పుల్లేని కుర్రాడికి అక్కరకొచ్చింది. లీగల్ ఎయిడ్ లాయరు లేచి వచ్చి అతని చెవి దగ్గర ఏదో అడిగి రాసుకుంది. ఏం రాసుకుందో ప్లీడరమ్మ మీకు తర్వాత చెప్పింది: అరెస్టు చేసిన తేదీ, గంట. ఇరవైనాలుగు గంటల్లోపు తెచ్చారా లేదా చూడ్డానికి. ఇంకా ముఖ్యం, లెక్కపెట్టడానికి. కేసును బట్టి అరవై రోజుల్లోనో తొంభై రోజుల్లోనో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కాని అడిగినవాడికే. ఆ గడువు దాటిన రోజున అర్జీ పెట్టకుండా ఊరుకుంటే, మర్నాడు చార్జిషీటు పడితే, ఆ హక్కు పోయినట్టే. జైల్లో ఉన్నవాడు క్యాలెండరు చూసుకుని అర్జీ పెట్టుకోగలడా? ఒక లాయరు తారీఖు లెక్కపెట్టకపోవడం వల్ల జైల్లో మగ్గిపోయిన నెలలు ఈ దేశంలో ఎన్ని ఉంటాయో తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మీ తమ్ముడి పేరు పిలిచారు. "నేరం ఒప్పుకుంటావా?" "లేదండీ." ఒకటే మాట, గొంతు వణికింది. విచారణలో బంకు కెమెరా పెన్‌డ్రైవు వచ్చింది, దాంతోపాటు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కూడా. అది జతచేయకపోతే ఆ పెన్‌డ్రైవును చూసే పనే లేదు. డివైడరు సందులోంచి తిరుగుతున్న ట్రక్కు ఆటో ఆరు సెకన్లు కనిపించింది. మీ తమ్ముడి మీద కేసు కొట్టేశారు.

ఇక ట్రిబ్యునల్. జిల్లా జడ్జి కోర్టే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. అంతకు ముందు లోక్ అదాలత్‌లో కంపెనీ ఆరు లక్షలు ఇస్తామంది. మరదలు ముఖం వెలిగింది. నెత్తిన అప్పులున్నాయి, పిల్ల బడి ఫీజు ఉంది, ఆరు లక్షలంటే మాటలా? ప్లీడరమ్మ వద్దనలేదు, ఔననలేదు. "లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే అప్పీలు ఉండదు. ముందు లెక్క చూడండి, తర్వాత మీ ఇష్టం" అని తెల్ల కాగితం తీసుకుంది.

మీరు ఆ కాగితం మీదికి వంగి చూస్తున్నారు. మెడికల్ బోర్డు ఇచ్చిన వైకల్యం 40 శాతం. జీతం స్లిప్పు లేదు కాబట్టి కంపెనీ నెలకు 8,000 అనుకుందాం అంటోంది. ఏడాదికి 96,000. నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాడికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథి తీర్పు, మరణాల కేసుల్లో చెప్పిన ఆ లెక్క గాయాల కేసులకూ వర్తిస్తుందని 2020లో మరో తీర్పు. 1,34,400. వయసు 31 నుంచి 35 మధ్య ఉంటే 16తో హెచ్చించాలని 2009లో సరళా వర్మ తీర్పు. 21,50,400. అందులో 40 శాతం 8,60,160. కంపెనీ తన లెక్కలోనే తగ్గించి ఆరు అంటోంది.

ఆవిడ గీత కొట్టి పక్కన రెండో లెక్క వేసింది. నెలకు 15,000. స్లిప్పు లేకపోతేనేం? కలప డిపో బిల్లులున్నాయి, ఫోన్‌పేలో రెండేళ్ల రాకడ ఉంది, సింహద్వారం చేయించుకున్న ఇంటాయన వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు. అదే వరసలో హెచ్చిస్తే 40,32,000. ఇక శాతం. కాగితం మీద వైకల్యం 40. కాని పిడికిలి బిగించలేని కుడిచేత్తో ఉలి పట్టేదెలా? ఎడమచేయి పోయిన గుమాస్తా ఉద్యోగం చేసుకోగలడేమో గాని, డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టేనని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వడ్రంగి అనే మాట ఆ తీర్పులోనే ఉంది. మీరు ఆ మాట దగ్గర ఆగిపోయారు. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు మీ తమ్ముడి చెయ్యి చూసి రాసినట్టుంది.

మరదలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పులవాళ్లకు నేను చెప్పుకుంటాను బావగారూ, ఆగుదాం" అంది. ఆగగలిగే స్థితి అందరికీ ఉండదు. ఆరు లక్షలు పుచ్చుకున్న ఎవర్నీ తప్పు పట్టను. లెక్క చూపించకుండా పుచ్చుకోమన్నవాళ్లను పడతాను.

బోనులో తమ్ముడు. కంపెనీ లాయరు పెద్దాయన, గొంతు మెత్తన. ఆయన చేతిలో ఒక జిరాక్సు కాగితం ఉంది. మీకు దూరం నుంచే తెలిసిపోయింది అదేమిటో. ఆ రాత్రి సిరా ఆరని వాక్యం.

"బైకు జారి పడ్డానని ఆసుపత్రిలో చెప్పారు కదా?"

"నేను చెప్పలేదండీ. నాకు అప్పుడు మాట రాలేదు."

"అంటే డాక్టరు అబద్ధం రాశాడా?"

తమ్ముడు తడబడ్డాడు. కోర్టు హాలంతా ఒక్క క్షణం ఫ్యాను చప్పుడు. ప్లీడరమ్మ లేవలేదు, లేవాల్సిన అవసరం లేకుండా ముందే చేసుకుంది. తర్వాతి సాక్షిని పిలిచారు. తువ్వాలు ఆయన. క్షతగాత్రులకు సాయం చేసినవాళ్లను సాక్ష్యానికి బలవంతం చేయకూడదని చట్టం. ఆయన తనంతట తనే వచ్చాడు, ఒక రోజు కూలి పోగొట్టుకుని. "అయ్యా, గుద్దడం నేను చూడలేదు. పడి ఉండడం చూశాను. జారిపడ్డాడనుకున్నాను, అదే డాక్టరుగారితో అన్నాను. అన్నది నేను, ఆయన కాదు." ఇక 108 రికార్డు, బైకు ట్యాంకు మీద నీలం రంగు గురించి ఇన్‌స్పెక్టరు రిపోర్టు, బోర్డు డాక్టరు స్వయంగా వచ్చి చెప్పిన మాట. ఒకదాని పక్కన ఒకటి. రిజిస్టరులోని వాక్యం అలాగే ఉంది, చెరగలేదు. నిజం దాని పక్కన నిలబడింది.

జడ్జిగారు ఆదాయం 15,000గా, సంపాదన నష్టం 80 శాతంగా తీసుకున్నారు. 32,25,600. వైద్యం ఖర్చు, నొప్పికీ బాధకూ ఇచ్చేది, క్లెయిం వేసిన రోజు నుంచి వడ్డీ దానికి అదనం. డబ్బు తమ్ముడి బ్యాంకు ఖాతాకే, కొంత డిపాజిటులో. ఆర్డరు కాపీ మీద అతను ఎడమచేత్తో సంతకం పెట్టాడు. అక్షరాలు రెండో తరగతి పిల్లాడివిలా ఉన్నాయి. తొంభై రోజుల్లో కంపెనీ హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. చేస్తే అక్కడా లాయరు కావాలి.

చట్టం ప్రకారం లాయరు లేకుండా మీ కేసు మీరే నడుపుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. ఆ స్వీట్ల డబ్బా, ఆ బంకు లెటరు, స్టేషన్లో ఆ తల ఊపడం మీకు మీరుగా తట్టేవా అన్నది మీరే చెప్పాలి. ఫీజు ఇచ్చుకోలేమంటారా? మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వైకల్యం ఉన్నవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయం ఎంతున్నా సరే ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

ఇది ఈ రాత్రి ఏ ఆసుపత్రి బెంచీ మీదైనా కూర్చుని చదువుతుంటే, పేజీ పక్కన పెట్టి లోపలికి వెళ్లండి. రిజిస్టరులో ఏం రాశారో అడగండి.